బెంగళూరు ప్రాథమిక పాఠశాలల్లో మరుగుదొడ్లు, నీళ్ళు, శుభ్రత: తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి కృష్ణరాజపురం వైపు ఒక ప్రభుత్వ పాఠశాలలో చదివినన్నాళ్ళూ నేను ఆ బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలో సభ్యురాలిని. ఇక్కడ అందరూ దాన్ని ఎస్‌డిఎంసి అంటారు. మారతహళ్ళి అపార్ట్‌మెంట్లలో ఉండే తల్లులూ, అనంతపురం నుంచీ పాలమూరు నుంచీ కట్టుబడి పనికి వచ్చి షెడ్లలో ఉండే తల్లులూ నన్ను అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. ప్రతి జూన్‌లోనూ అవే మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## బడిలో చేర్చే ముందు

బడి చూడటానికి వెళ్ళినప్పుడు మరుగుదొడ్డి కూడా చూపించమని అడగవచ్చా? ఏమైనా అనుకుంటారేమో?

తప్పకుండా అడగండి. తరగతి గది, ఆటస్థలం చూపించినవారు దాన్ని కూడా చూపించాలి. ఉదయం తొమ్మిది గంటలకు కాకుండా మధ్యాహ్న భోజనాల తరువాత వెళ్ళండి. ఉదయం కడిగినది అప్పటికి ఎలా ఉందో, పిల్లలు నిజంగా వాడేది ఎలాంటి చోటో అప్పుడే తెలుస్తుంది. కుళాయి మీరే తిప్పి చూడండి. తలుపు లోపలి నుంచి గడియ పడుతుందా, మగ్గు ఉందా, చేతులు కడిగే చోట సబ్బు ఉందా, తలుపు వేసుకుంటే లోపల వెలుతురు ఉంటుందా అన్నవి చూడండి. ఫినాయిల్ వాసన ఘాటుగా వచ్చినంత మాత్రాన శుభ్రంగా ఉందని అనుకోవద్దు. నీళ్ళు లేని చోట వాసన కప్పడానికే ఫినాయిల్ ఎక్కువగా పోస్తారు.

ఎంతమంది పిల్లలకు ఎన్ని మరుగుదొడ్లు ఉండాలి?

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి పాఠశాలలో ఆడపిల్లలకు, మగపిల్లలకు విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలి, పిల్లలందరికీ సరిపడా సురక్షితమైన తాగునీరు ఉండాలి. ఈ సౌకర్యాలు ఆరు నెలల్లో కల్పించాలని 2012 అక్టోబరులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2014లో మొదలైన స్వచ్ఛ విద్యాలయ కార్యక్రమం 40 మంది పిల్లలకు ఒక మరుగుదొడ్డి చొప్పున ఉండాలన్నది. ఈ లెక్కన 200 మంది ఉన్న బడికి ఐదు కావాలి. బడికి వెళ్ళినప్పుడు మొత్తం ఎన్ని ఉన్నాయో అడిగి ఊరుకోకండి, వాటిలో ఈ రోజు ఎన్ని తెరిచి ఉన్నాయో అడగండి.

ప్రభుత్వ లెక్కల్లో 'మరుగుదొడ్డి ఉంది' అని ఉంది. వెళ్ళి చూస్తే తాళం వేసి ఉంది. ఇదెలా?

ప్రతి పాఠశాలకూ యుడైస్ కోడ్ అని 11 అంకెల సంఖ్య ఉంటుంది, కర్ణాటకలో అది 29తో మొదలవుతుంది. ఆ సంఖ్యతో బడిలో ఎన్ని గదులు, ఎన్ని మరుగుదొడ్లు, చేతులు కడిగే చోటు ఉందా లేదా అన్న వివరాలు ఎవరైనా చూడవచ్చు. అయితే అవి బడివారే ఏడాదికి ఒకసారి నింపే వివరాలు. ఆ రోజు ఉన్న నీళ్ళు ఈ రోజు ఉండకపోవచ్చు.

తాళం వెనక దురుద్దేశం ఉండటం అరుదని నా అనుభవం. మోటారు చెడిపోతుంది, లేదా కడిగే మనిషి మానేస్తుంది. రెండు రోజుల్లో ఆ గదిలోకి అడుగు పెట్టలేని స్థితి వస్తుంది, మూడో రోజు ప్రధానోపాధ్యాయురాలు తాళం వేస్తారు. కట్టడానికి ఒకసారి డబ్బు వస్తే చాలు, కడగడానికి రోజూ మనిషి కావాలి, నీళ్ళు కావాలి. మన బడులు వెనకబడింది ఆ రెండో దాంట్లోనే. అందుకే తాళం ఎందుకు వేశారని నిలదీయడం కంటే, అది తెరవాలంటే ఏం కావాలని అడిగితే పని తొందరగా అవుతుంది.

లక్షల్లో ఫీజు తీసుకునే ప్రైవేటు బడిలో ఈ సమస్యలు ఉండవు కదా?

టైల్స్, అద్దాలు ఉంటాయి. కానీ అక్కడా పిల్లలు ఆపుకుంటారు. ఒక అంతస్తు మొత్తానికి ఒకే చోట మరుగుదొడ్లు ఉండటం, విరామం పది నిమిషాలే కావడం, పెద్ద తరగతుల పిల్లలు చిన్నవాళ్ళను వెనక్కి నెట్టడం ప్రైవేటు బడుల తల్లుల నుంచి నేను తరచూ వినే మాటలు. పైగా ప్రభుత్వ సహాయం లేని ప్రైవేటు బడుల్లో చట్టప్రకారం తల్లిదండ్రుల యాజమాన్య కమిటీ ఉండాలన్న నిబంధన లేదు కాబట్టి, అడిగే వేదిక మీరే కల్పించుకోవాలి. నలుగురు తల్లిదండ్రులు కలిసి ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

మా బాబు చక్రాల కుర్చీలో తిరుగుతాడు. వాడికి ప్రత్యేకంగా ఏమైనా ఉండాలా?

ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం బడి భవనం, ఆవరణ, అక్కడి సౌకర్యాలు వాడికి అందుబాటులో ఉండాలి. వాలుదారి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కుర్చీ తిరిగేంత చోటు, బయటికి తెరుచుకునే తలుపు ఉన్నాయో లేవో చూడండి. ఆ గదిని సామాన్ల గదిగా వాడుతుంటే వెంటనే ఖాళీ చేయించమని అడగండి.

## బడి మొదలైన తొలి వారాల్లో

మా పాపకు కన్నడ ఒక్క ముక్క రాదు. బాత్రూముకు వెళ్ళాలని టీచరును ఎలా అడుగుతుంది?

బడికి పంపే ముందు రోజే మూడు మాటలు నేర్పండి. "మిస్, బాత్రూమ్‌గె హోగబేకు" అంటే బాత్రూముకు వెళ్ళాలి. "నీరు బేకు" అంటే నీళ్ళు కావాలి. "హొట్టె నోవు" అంటే కడుపు నొప్పి. ఇంట్లో ఆటలా పదిసార్లు గట్టిగా అనిపించండి, ఎందుకంటే తెలియని మాట పలకడం కంటే నలభై మంది ముందు పలకడం బిడ్డకు కష్టం. టీచరుకు కూడా మొదటి రోజే చెప్పండి, మా పాప తెలుగులో "ఒంటికి" అంటే అర్థం ఇదని. బెంగళూరులో చాలామంది టీచర్లకు తెలుగు కొంత తెలుసు, మనం చెబితే గుర్తుపెట్టుకుంటారు. కట్టుబడి షెడ్డు నుంచి వచ్చిన ఒక పిల్లవాడు రెండు వారాల పాటు ఎవరినీ ఏమీ అడగకుండా నిక్కరు తడుపుకుంటూ కూర్చున్నాడు. వాడిని మొండివాడనుకున్నారు. వాడికి లేనిది ఆ ఒక్క మాట.

ఇంట్లో కమోడ్ అలవాటు, బడిలో నేలమీద కూర్చునేది. మా వాడు వెళ్ళనంటున్నాడు.

ఇది అలవాటుకు సంబంధించిన విషయం, తిట్టి లాభం లేదు. రోజూ ఐదు నిమిషాలు ఇంట్లో గొంతుకు కూర్చునే ఆట ఆడించండి. నిక్కరు గుండీ, జిప్పు తనంతట తాను విప్పుకుని పెట్టుకోగలడో లేదో చూడండి. చాలామంది పిల్లలు భయపడేది దానికే. తొలి ఏడాది ఎలాస్టిక్ నిక్కరు వేస్తే సగం సమస్య తీరుతుంది. మగ్గుతో నీళ్ళు పోసుకుని కడుక్కోవడం కూడా నేర్పాల్సిన పనే, ఎందుకంటే ఇంట్లో పిచికారీ గొట్టం అలవాటైన బిడ్డకు మగ్గు చేతికిస్తే ఏం చేయాలో తెలియదు. ఇంట్లో అసలు మరుగుదొడ్డి లేని బిడ్డకు ఆ చీకటి గదే కొత్త. వాడితో పాటు టీచరో ఆయానో రెండు రోజులు గుమ్మం దాకా వెళ్తే చాలు.

నీళ్ళ సీసా రోజూ నిండుగానే ఇంటికి వస్తోంది. దాహం వేయలేదంటోంది. నమ్మవచ్చా?

నమ్మకండి. నేను నమ్మి ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా రోజూ సాయంత్రం సీసాలో మిగిలిన నీళ్ళు తులసి కుండీలో పోసేదాన్ని. నీళ్ళు వృథా కావడం లేదని సంతోషించేదాన్ని కూడా. డిసెంబరులో జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. మూత్ర పరీక్ష రాసిన డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "బడిలో నీళ్ళు తాగుతుందా?" అని. ఇంటికి వచ్చాక మెల్లగా అడిగితే చెప్పింది. నీళ్ళు తాగితే ఒంటికి పోవాలి, అక్కడికి పోవడం ఇష్టం లేదు, అందుకే తాగడం లేదు. ఏడేళ్ళ పిల్ల తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం అది.

మర్నాడు బడికి వెళ్ళి చూశాను. తలుపుకు గొళ్ళెం ఉండవలసిన చోట నాలుగు మేకుల రంధ్రాలు ఉన్నాయి. ఒక పిల్ల లోపలికి వెళ్తే స్నేహితురాలు బయట రెండు చేతులతో తలుపు పట్టుకుని నిలబడుతోంది. గంట మోగగానే పట్టుకున్న పిల్ల పరుగెత్తింది, తలుపు తెరుచుకుంది. లోపల ఉన్న పాప ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేదు.

కాబట్టి సాయంత్రం సీసా చూడండి. నిండుగా వస్తే బిడ్డను కోప్పడకుండా, "బడిలో బాత్రూము ఎలా ఉంటుంది?" అని అడగండి. జవాబు నీళ్ళ గురించి కాదు, తలుపు గురించో, చీకటి గురించో, వాసన గురించో ఉంటుంది.

పొద్దున ఎనిమిదింటికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వచ్చేదాకా ఆపుకోగలరు కదా పిల్లలు?

ఆపుకోగలరు, కానీ అలా ఆపుకోకూడదు. బిడ్డ వయసుకు రెండు కలిపి ముప్పైతో గుణిస్తే మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పట్టుకోగలదో సుమారుగా తెలుస్తుంది. ఆరేళ్ళ బిడ్డకు 240, అంటే ఒక పెద్ద గ్లాసు. రెండు మూడు గంటలకు ఒకసారి వెళ్ళడం ఆరోగ్యం. రోజూ ఏడెనిమిది గంటలు బిగబట్టే బిడ్డకు తరువాత పూర్తిగా వదలడం కూడా కష్టమవుతుంది, లోపల మిగిలిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా బాత్రూములోకి పరుగెత్తుతోందంటే బడిలో వెళ్ళలేదని అర్థం.

క్లాసు జరుగుతుంటే టీచరు పంపడం లేదు. ఏం చేయాలి?

ఒకరిని పంపితే పదిమంది చేయి ఎత్తుతారని టీచర్ల భయం, అది అర్థం చేసుకోదగినదే. కానీ ఐదు, ఆరేళ్ళ పిల్లలకు విరామం దాకా ఆగమని చెప్పే హక్కు ఎవరికీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. కేరళలో 2019లో కొన్ని బడులు పిల్లలు నీళ్ళు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టాయి, కర్ణాటక కూడా ఆ పద్ధతిని అందుకుంది. మీ బడిలో ఆ గంట లేకపోతే అడగండి. నీళ్ళ గంటతో పాటు బాత్రూముకు కూడా ఐదు నిమిషాలు ఇమ్మనండి, ఒకటి లేకుండా రెండోది పనిచేయదు.

## ఆరోగ్యం గురించి

మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఒంటికి పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్ళడం, పొత్తికడుపు నొప్పి, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, జలుబూ దగ్గూ లేకుండా జ్వరం రావడం. వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్ వేయకండి, పరీక్షకు ముందే మందు వేస్తే ఏ క్రిమో తెలియకుండా పోతుంది. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే వారి మూత్రనాళం పొట్టిది, మలద్వారానికి దగ్గర. ముందు నుంచి వెనక్కి కడుక్కోవడం మూడేళ్ళ నుంచే నేర్పాలి.

రెండు మూడు రోజులకు ఒకసారి గానీ దొడ్డికి వెళ్ళడం లేదు. దానికీ బడికీ సంబంధం ఉందా?

చాలాసార్లు ఉంటుంది. బడిలో వచ్చినప్పుడు బిగబట్టిన బిడ్డకు ఇంటికి వచ్చేసరికి ఆ ఒత్తిడి పోతుంది. మలం గట్టిపడి, నొప్పి పుట్టి, ఆ భయంతో మరింత బిగబడతారు. ఉదయం పావుగంట ముందు లేపి, గోరువెచ్చని నీళ్ళో పాలో ఇచ్చి, తొందరపెట్టకుండా కూర్చోబెట్టండి. అరటిపండు, ఆకుకూర, నీళ్ళు పెంచండి. నిక్కరుకు కొద్దికొద్దిగా మరకలు అవుతుంటే అది నిర్లక్ష్యం కాదు, పేగుల్లో గట్టిపడిన మలం పక్కనుంచి కారడం. కొట్టకండి, డాక్టరుకు చూపించండి.

బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర వేయించవచ్చా?

వేయించండి. 2015లో కొన్ని రాష్ట్రాల్లో మొదలైన నులిపురుగుల నిర్మూలన దినాన్ని 2016 నుంచి దేశమంతా జరుపుతున్నారు, సాధారణంగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. బడి పిల్లలకు ఇచ్చేది 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, నమిలి మింగాలి. ఆ రోజు జ్వరంగా ఉంటే చెప్పి వాయిదా వేయించండి. మాత్ర కడుపులో ఉన్నవాటినే చంపుతుంది. గోళ్ళు కత్తిరించకపోతే, చేతులు కడగకపోతే నెల తిరిగేసరికి మళ్ళీ వస్తాయి.

చేతులు కడగడానికి బదులు శానిటైజర్ సీసా పంపితే చాలదా?

చాలదు. మట్టి, జిడ్డు అంటిన చేతుల మీద అది సరిగా పనిచేయదు, నులిపురుగుల గుడ్లను అసలు ఏమీ చేయలేదు. సబ్బు, పారే నీళ్ళు, ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టేంత సేపు రుద్దడం, ఇదే పద్ధతి. బొటనవేళ్ళు, వేళ్ళ సందులు పిల్లలు వదిలేసే చోట్లు.

ఐదో తరగతిలోనే మా అమ్మాయి పెద్దమనిషి అయింది. బడిలో ఎవరికి చెప్పాలి?

క్లాసు టీచరు మగవారైతే, బడిలో ఉన్న ఒక టీచరమ్మకు మీరే నేరుగా వెళ్ళి చెప్పండి, ఆ భారం పిల్లమీద పెట్టకండి. సంచిలో ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత వార్తాపత్రిక కాగితం, ముదురు రంగు గుడ్డ సంచి పెట్టండి. మరుగుదొడ్డిలో మూత ఉన్న చెత్తడబ్బా పెట్టించమని అడగండి. అది లేకపోతే పిల్లలు ప్యాడ్లు బేసిన్‌లో పడేస్తారు, గొట్టం మూసుకుపోతుంది, గది మూతబడుతుంది. నెలసరి రోజుల్లో బడి మానిపించవద్దు. కర్ణాటక ప్రభుత్వ పథకం 'శుచి' కింద పాఠశాలల ద్వారా ప్యాడ్లు ఉచితంగా ఇస్తారు, మీ బడికి వచ్చాయేమో అడగండి.

తలలో పేలు పడ్డాయి. బడి మానిపించాలా?

అక్కర్లేదు. పర్మెత్రిన్ మందు రాసి, సన్నపళ్ళ దువ్వెనతో ఈర్లు తీసి, వారం పది రోజుల తరువాత మళ్ళీ ఒకసారి రాయండి. ఇంట్లో అందరి తలలూ చూడండి. పేలకు శుభ్రతతో పెద్దగా సంబంధం లేదు, తల తల ఆనితే చాలు ఎక్కుతాయి. కాబట్టి ఏ బిడ్డనూ వేరుగా కూర్చోబెట్టనివ్వకండి.

## నీళ్ళు, సబ్బు, భోజనం

మా బడికి కావేరీ నీళ్ళు రావు, ట్యాంకరు, బోరే దిక్కు. ఆ నీళ్ళు పిల్లలు తాగవచ్చా?

నేరుగా తాగకూడదు. కావేరీ నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్ళిలో శుద్ధి అయి క్లోరిన్ కలిపి వస్తాయి. ట్యాంకరు నీళ్ళు ఎక్కడ నింపారో మనకు తెలియదు. నగరానికి చేరిన 110 గ్రామాల కోసం కావేరీ ఐదో దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది, మీ వీధికి గొట్టం వచ్చి ఉంటే బడికి కనెక్షన్ కోసం జలమండలికి దరఖాస్తు పెట్టించండి. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయినప్పుడు చాలా బడుల్లో మొదట ఆగింది మరుగుదొడ్ల నీళ్ళే. తాగడానికి డబ్బా నీళ్ళు కొన్నారు గానీ, కడగడానికి కొనలేదు.

నీళ్ళలో మలం కలిసిందా లేదా చూసే చిన్న సీసాలు ప్రయోగశాల సామాన్లు అమ్మే చోట దొరుకుతాయి. నీళ్ళు పోసి మూత బిగించి ఒకటి రెండు రోజులు గది వేడిలో ఉంచితే, కలుషితమైన నీళ్ళు నల్లబడతాయి. మా కమిటీ సమావేశంలో నల్లబడిన సీసాను బల్లమీద పెట్టాం. మూడు నెలలుగా సాగని ట్యాంకు కడిగే పని ఆ శనివారమే అయిపోయింది.

ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి?

1000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడర్ సుమారు 2.5 గ్రాములు, అంటే అర టీస్పూను కంటే కొంచెం ఎక్కువ. బకెట్టు నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. గంట తరువాతే వాడాలి. మూత తీసి ఉంచిన పాత పొడిలో బలం ఉండదు. మురికి ట్యాంకులో ఎంత వేసినా లాభం లేదు, ముందు తోమి కడగాలి. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఉందని ధైర్యపడకండి, దాని ఫిల్టరు చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ అడగండి.

సబ్బు పెట్టిన రోజే మాయమవుతోంది. మళ్ళీ మళ్ళీ ఎవరు కొంటారు?

లీటరు ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు, రెండు చెంచాల సబ్బు పొడి కలిపి, మూతకు మేకుతో చిన్న రంధ్రం చేసి, కుళాయికి తాడుతో కట్టండి. నొక్కితే రెండు చుక్కలు వస్తాయి. దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు. వారానికి ఒక తరగతికి నింపే బాధ్యత ఇవ్వండి, పిల్లలు ఇష్టంగా చేస్తారు.

మధ్యాహ్న భోజనం శుభ్రంగా ఉందో లేదో మేము చూడవచ్చా?

చూడవచ్చు. వడ్డించే ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు రుచి చూడాలన్నది మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ పెద్దవాళ్ళలో తల్లిదండ్రులు ఉండటానికి అడ్డేమీ లేదు. భోజనం కంటే నేను ముందుగా చూసేది కుళాయిల వరుస. 150 మంది, నాలుగు కుళాయిలు, పావుగంట విరామం అయితే చేతులు కడగడం జరగదు. తరగతుల వారీగా ఐదేసి నిమిషాల తేడాతో వదిలితే అవే కుళాయిలు సరిపోతాయి.

డెంగీ కాలంలో బడిలో ఏం చూడాలి?

డెంగీ దోమ నిలిచిన మంచినీళ్ళలో పెరుగుతుంది, పగలు, అంటే బడి వేళల్లోనే కుడుతుంది. మూత లేని ట్యాంకు, సంపు, పూలకుండీల కింది పళ్ళేలు, మిద్దె మీద పడేసిన విరిగిన బెంచీల మడతలు చూడండి. వారానికి ఒకసారి నీళ్ళు పారబోయించాలి. వర్షాకాలంలో పొడుగు చేతుల చొక్కా అనుమతించమని అడగండి.

## కడిగే మనిషి, కడిగే డబ్బు

మా బాబుతో బడిలో మరుగుదొడ్డి కడిగించారట. ఇది పనిలో భాగమేనా?

కాదు. తరగతి గది ఊడ్చడం, మొక్కలకు నీళ్ళు పోయడం అందరు పిల్లలూ వంతుల వారీగా చేస్తే అది వేరు. మరుగుదొడ్డి కడిగించడం, అదీ కొందరినే ఎంచి కడిగించడం నేరం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. పిల్లల పట్ల క్రూరత్వానికి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్ష చెబుతుంది. 2023 డిసెంబరులో కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని ఒక రెసిడెన్షియల్ పాఠశాలలో పిల్లలను సెప్టిక్ గుంతలోకి దించారు, బాధ్యులను అరెస్టు చేశారు.

పిల్లలను ఎంచేటప్పుడు కులం చూస్తారు. ఎవరి అమ్మ పౌరకార్మికురాలో (నగర పారిశుధ్య కార్మికులను ఇక్కడ అలా అంటారు), ఎవరి నాన్న కాలువలు తీస్తాడో వారి పిల్లల పేర్లే ముందు పిలుస్తారు. బెంగళూరు పౌరకార్మికుల్లో చాలామంది తెలుగువాళ్ళు, కాబట్టి ఆ పిల్లలు మన పిల్లలే. మీ బిడ్డను పిలవకపోయినా పక్క బిడ్డను పిలిస్తే మీరే ఫిర్యాదు చేయండి. 1098కి ఫోను చేయవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు.

కడిగే మనిషిని పెట్టడానికి ప్రభుత్వం డబ్బు ఇస్తుంది కదా?

ఇస్తుంది, ఎంతో లెక్క చూడండి. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ బడికి ఏటా వచ్చే నిధి పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 101 నుంచి 250 మంది దాకా ఉంటే 50,000 రూపాయలు. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలి, అంటే 5,000. నెలకు 417 రూపాయలు పడుతుంది. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, మరమ్మతులు అన్నీ మిగిలిన దాంట్లోంచే. నెలకు 417 రూపాయలకు రోజూ వచ్చి కడిగే మనిషి బెంగళూరులో దొరకదు. మురికి మరుగుదొడ్డికి అసలు కారణం పిల్లలూ టీచర్లూ కాదు, ఈ లెక్క.

మా బడిలో ఎస్‌డిఎంసి తీర్మానం చేసి, పక్క అపార్ట్‌మెంటు సంఘాన్ని అడిగి, ఒక ఆయా నెల జీతం ఏర్పాటు చేసుకున్నాం. చిత్తూరు వైపు ఆమె. ఉదయం ఒకసారి, భోజనాల తరువాత ఒకసారి కడిగేది. మోటారు చెడిపోయిన నెలలో సంపు నుంచి మేడమీదికి పద్దెనిమిది బకెట్లు మోసిందని ఆమె చెప్పేదాకా మాకు తెలియదు. మొదట ఇచ్చిన చేతి తొడుగులు ఆమెకు పెద్దవి, జారిపోయేవి, అందుకని ఉత్త చేతులతోనే చేసింది. అది కూడా ఎవరమూ అడగలేదు.

మీరు మనిషిని పెట్టుకుంటే సరైన కొలత తొడుగులు, బూట్లు, పొడుగు పిడి బ్రష్షు, వారానికి ఒక సెలవు, చెప్పిన తేదీకి జీతం ఇవ్వండి. బడిలో అందరూ తాగే నీళ్ళే, అందరూ వాడే గ్లాసే ఆమెకూ ఇవ్వండి. పిల్లలు ఆమెను పేరుతో కాదు, అత్తా అనో అమ్మమ్మా అనో పిలవాలి.

యాసిడ్ పోస్తే మరకలు తొందరగా పోతాయి కదా?

బడిలో యాసిడ్ వద్దు. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ఊపిరి ఆడదు. రోజూ సబ్బు నీళ్ళతో రుద్దితే యాసిడ్ అవసరమే రాదు. సీసాలు తాళం ఉన్న అరలో ఉండాలి, తాగే నీళ్ళ సీసాల్లో ఎన్నడూ పోయకూడదు.

## అడగడం, ఫిర్యాదు చేయడం

ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపుతున్నారు.

ఏ పని ఎవరిదో తెలిస్తే తిరగనక్కర్లేదు. మరుగుదొడ్డి, తలుపు, ట్యాంకు, ఆయా విషయాలు విద్యాశాఖవి. మొదట ప్రధానోపాధ్యాయులకు, తరువాత బిఇఓ (బ్లాకు విద్యాధికారి) కార్యాలయానికి, ఆ తరువాత డిడిపిఐకి (జిల్లా స్థాయి విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టరుకు) వెళ్ళాలి. బడి ముందు మురుగు పొంగితే, నీళ్ళు రాకపోతే జలమండలి నంబరు 1916. ప్రహరీ పక్క చెత్తకుప్ప, వీధి కాలువ నగరపాలక సంస్థవి. 2025 నుంచి నగరం గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లుగా ఉంది కాబట్టి మీ బడి ఏ కార్పొరేషన్లోకి వస్తుందో ముందు తెలుసుకోండి. ఎవరూ పట్టించుకోకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు రాయవచ్చు.

నాకు కన్నడ రాయడం రాదు, కూలి పని చేసుకునేదాన్ని. ఎస్‌డిఎంసిలో నన్ను ఉండనిస్తారా?

ఉండవచ్చు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చదువు, భాష అడ్డు కాదు. అధ్యక్షులు కూడా తల్లిదండ్రుల్లోంచే వస్తారు. నేను మొదటి సమావేశంలో మాట్లాడింది విరిగిన కన్నడలో, మధ్యమధ్య తెలుగులో. ఎవరూ నవ్వలేదు. ఒక్క జాగ్రత్త, తీర్మానాల పుస్తకంలో ఏం రాశారో చదివించుకోకుండా వేలిముద్ర, సంతకం వేయకండి.

అడిగితే మా బిడ్డ మీద కక్ష పెట్టుకుంటారేమో?

ఆ భయం నాకూ ఉండేది. అందుకే ఒంటరిగా వెళ్ళకండి. ఐదుగురు కలిసి వెళ్ళండి, బిడ్డ పేరు ఎత్తకుండా తలుపు గురించి, నీళ్ళ గురించి మాట్లాడండి. "మీరు చేయడం లేదు" అనకుండా "మేము ఏం తేగలం?" అని మొదలుపెడితే చాలామంది ప్రధానోపాధ్యాయులు తమ కష్టం చెప్పుకుంటారు. అయినా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో శుభ్రతకు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, 150 పదాల లోపు ఉండాలి.

## వేసవి సెలవుల తరువాత

బడి తెరిచే ముందు మేము చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది, ఒక పూట పని. తెరవడానికి మూడు రోజుల ముందు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. రెండు నెలలు నిలిచిన ట్యాంకు నీళ్ళు వదిలించి కడిగించండి. ప్రతి కుళాయీ తిప్పి ఐదు నిమిషాలు పారనివ్వండి. బేసిన్లలో ఎండిన ఆకులు, తొండలు, కొన్నిసార్లు పాములు కూడా ఉంటాయి, కర్రతో చూసి గానీ చేయి పెట్టకండి. బల్బు వెలుగుతుందో లేదో చూడండి.

చివరగా ఆడపిల్లల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోండి. మా బడిలో కొత్త గొళ్ళెం బిగించిన వడ్రంగి తన భుజం ఎత్తున బిగించాడు, ఒకటో తరగతి పిల్లలకు అందలేదని వారం తరువాత గానీ మాకు తెలియలేదు. అందుకని మోకాళ్ళ మీద కూర్చుని, ఆరేళ్ళ పాప ఎత్తు నుంచి చేయి చాపి, గొళ్ళెం వేసి, తీసి చూడండి.